పక్క మంచం ఆయన బతికాడు, మా కాకా ఎందుకు పోయాడు?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక తండా. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న. మా కాకా, అంటే నాయన తమ్ముడు, హైదరాబాద్‌ల సెంట్రింగ్ పనికి పోయేటోడు. నాలుగు నెలలు దగ్గు, పొద్దుమీకితే జ్వరం. ఊళ్ళె ఆర్‌ఎంపీ దగ్గర సూదులు, గోళీలు వాడినం. మనిషి లేవలేని స్థితికి వచ్చినంక పెద్ద దవాఖానల చేర్పిస్తే టీబీ అన్నరు. తొమ్మిదో రోజు పోయిండు. ముందు రోజు రాత్రే వేలికి క్లిప్ పెట్టి, 94 ఉంది, పర్వాలేదు అన్నరు. పక్క మంచం మీద మిర్యాలగూడ ఆయన ఉండె, కిరాణా దుకాణం ఆయనది. ఆయనకూ టీబీనే. ఆయన నడుచుకుంట ఇంటికి పోయిండు. కాకాను బండిల ఎక్కిస్తుంటే అక్కడ పనిచేసే ఒకామె "తండా వాళ్ళు ఇంతే, వీళ్ళ ఒళ్ళు ఆగదు" అన్నది. ఇంగ్లండ్‌ల కరోనాకు తెల్లవాళ్ళ కంటే నల్లవాళ్ళు, మన దేశపోళ్ళు ఎక్కువ చచ్చిపోయిండ్రని ఫోన్‌ల చదివిన. నిజంగనే మా రక్తంల ఏమన్న తేడా ఉన్నదా? ఇప్పుడు మా యాడికి, అంటే అమ్మకు, మూడు వారాల నుంచి దగ్గు. దవాఖాన అంటే "నన్ను గూడ అట్లనే పంపిస్తవా" అని ఏడుస్తున్నది. కాకాకు భార్య, ఇద్దరు చిన్న పిల్లలు. ఏం చెయ్యాలె?

సమాధానం: బిడ్డా, ముందు యాడి సంగతి చూడు, నా మిగతా సమాధానం తర్వాత చదువుకో. దగ్గు రెండు వారాలు దాటితే ఎవరికైనా కళ్ళె పరీక్ష చేయించాల్సిందే. ఇంట్లో టీబీతో ఒక మనిషి పోయిన తర్వాత మూడు వారాల దగ్గు అంటే ఇక ఒక్క రోజు కూడా ఆగొద్దు. రేపు పొద్దున్నే మీ పీహెచ్‌సీకి తీసుకెళ్ళు. పరీక్షకు, మందుకు పైసా ఖర్చు లేదు. ఆర్‌ఎంపీ దగ్గరికి మాత్రం ఈసారి వద్దు. ఎందుకో చెప్తాను.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. మీ రక్తంలో ఏ లోపమూ లేదు. నల్లగొండలో, పాలమూరులో ఛాతీ జబ్బుల వార్డుల్లో డాక్టరుగా నా ఉద్యోగమంతా గడిచింది. తండాల నుంచి వచ్చినవాళ్ళు, అమ్రాబాద్ అడవిలోని పెంటల నుంచి, అంటే అడవి గూడేల నుంచి, వచ్చిన చెంచులు, మాదిగ వాడల నుంచి వచ్చినవాళ్ళు మిగతావాళ్ళ కంటే ఎక్కువ మంది వార్డులోనే కన్నుమూయడం నా కళ్ళారా చూశాను. కాబట్టి అలాంటి తేడా లేనే లేదని నీకు అబద్ధం చెప్పను. తేడా ఉంది. దాన్ని రక్తంలో వెతకడమే తప్పు.

మీ కాకా, మిర్యాలగూడ ఆయన పక్కపక్క మంచాల మీద పడుకున్నారు, ఇద్దరి కేస్‌షీటు మీదా టీబీ అనే రాసుంది. చూసేవాళ్ళకు ఇద్దరూ ఒకే పందెంలో ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ దుకాణం ఆయన బహుశా మూడు నాలుగు వారాల దగ్గుతో, ఒంట్లో కండ ఉండగానే వచ్చి ఉంటాడు. మీ కాకా నాలుగు నెలల తర్వాత, నువ్వే రాసినట్టు, లేవలేని స్థితిలో వచ్చాడు. అప్పటికి ఊపిరితిత్తుల్లో ఎంత భాగం మిగిలిందో, బరువు ఎంతకు పడిపోయిందో. టీబీ చావుల్లో ఎక్కువ భాగం మందు మొదలుపెట్టిన మొదటి రెండు నెలల్లోనే జరుగుతాయి. మందు పనిచేయక కాదు, అది పనిచేసేదాకా ఒళ్ళు నిలబడలేక. కాకాను బండిలో ఎక్కిస్తుంటే ఆ పనిచేసే ఆమె అన్న మాటలో సగం నిజం ఇక్కడే ఉంది. ఒళ్ళు ఆగలేదు. ఆ ఒంటిని నాలుగు నెలలు ఏం తిన్నదో చెప్పకుండా తండా మీదికి నెట్టేసింది.

ఆర్‌ఎంపీ సూదుల గురించి. చాలామంది ఇచ్చేది స్టెరాయిడ్, లేకపోతే లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్. స్టెరాయిడ్ పడితే జ్వరం దిగుతుంది, ఆకలి పుడుతుంది, మనిషి లేచి కూర్చుంటాడు. లీవోఫ్లాక్సాసిన్‌కు టీబీ క్రిమి కొన్ని రోజులు అణుగుతుంది కానీ పూర్తిగా చావదు. నయమైందనుకుని మళ్ళీ పనికి పోతారు. పదిహేను రోజులకు మొదటికొస్తుంది, మళ్ళీ సూది. ఆ అణగడం వల్ల కళ్ళె పరీక్షలో కూడా క్రిమి దొరకకుండా పోవచ్చు. నేను ఆర్‌ఎంపీని తిట్టడం లేదు. అర్ధరాత్రి తండాలో తలుపు తీసే మనిషి అతనొక్కడే. ఆ తలుపు తప్ప మరో తలుపు దగ్గరలో లేకపోవడమే అసలు జబ్బు.

ఒక ముసలమ్మ గురించి చెప్పాలి. చాలా ఏళ్ళ కింద, నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో. చందంపేట వైపు నుంచి వచ్చింది. అద్దాలు కుట్టిన రవిక, మోచేతి పైదాకా గాజులు, చెంపల పక్కన వేలాడే వెండి గుత్తులు. ఛాతీ ఎక్స్‌రే రాసి పంపాను. ఎక్స్‌రే గదిలో ఇద్దరు మగపిల్లలు. "అవన్నీ తీసేసి రా" అన్నారు తెలుగులో. ఆమెకు తెలుగు అంతంత మాత్రం. చేతులతో రవిక వైపు చూపించారు. ఆమె కాసేపు అక్కడే నిలబడి, కొంగు కప్పుకుని, బయటికి వచ్చి, అట్నుంచి అటే బస్టాండుకు వెళ్ళిపోయింది. కేస్‌షీటు మీద "లామా" అని రాశారు, అంటే డాక్టరు వద్దన్నా వినకుండా వెళ్ళిపోయిందని. రెండు నెలలకు కొడుకులు మంచం మీద మోసుకొచ్చారు. ఆరో రోజు చనిపోయింది. ఆ గదిలో ఒక పాత నూలు గౌను, ఒక ఆయమ్మ ఉంటే చాలేది. ఆమె మంచం మీద తిరిగి వచ్చిన రోజున గానీ ఈ సంగతి నాకు తెలియలేదు. అడగాల్సింది నేను. అప్పుడు అడగలేదు.

రికార్డులో ఆ చావు ఎలా కనిపిస్తుందో ఆలోచించు. ఎస్టీ, స్త్రీ, 60 ఏళ్ళు, టీబీ, మృతి. ఎవరైనా పదేళ్ళ తర్వాత ఆ కాగితాలన్నీ కూడి లెక్క కడితే, ఎస్టీల్లో చావులు ఎక్కువ అని తేలుతుంది. గౌను లేదన్న సంగతి ఏ గడిలోనూ ఉండదు.

నువ్వు చదివిన ఇంగ్లండ్ లెక్క నిజమే. 2020లో కరోనా మొదటి ఉధృతిలో అక్కడి నల్లవాళ్ళలో, బంగ్లాదేశ్, పాకిస్తాన్, భారత్ మూలాల వాళ్ళలో చావులు తెల్లవాళ్ళ కంటే ఎక్కువ. కారణాలు వెతికారు. చక్కెర జబ్బు కొంత. బస్సులు నడపడం, ఆస్పత్రుల్లో పనిచేయడం, ఒకే ఇంట్లో మూడు తరాలు ఉండటం ఇంకొంత. 2021లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఒక జన్యువును కూడా పట్టుకున్నారు. కరోనాలో ఊపిరితిత్తులు దెబ్బతినే ముప్పును అది దాదాపు రెట్టింపు చేస్తుంది. మన దక్షిణాసియా మూలాల వాళ్ళలో 60 శాతం మందిలో ఉంటుందని, ఐరోపా వాళ్ళలో 15 శాతం మందిలోనని చెప్పారు. ఇది వినగానే "చూశారా, రక్తంలోనే ఉంది" అన్నవాళ్ళు ఉన్నారు. కానీ అదే పరిశోధనలో ఆఫ్రికా, కరీబియన్ మూలాల నల్లవాళ్ళలో ఆ జన్యువు 2 శాతం మందిలోనే కనిపించింది. వాళ్ళూ ఎక్కువగానే చనిపోయారు కదా. ఆ జన్యువు ఉన్నవాళ్ళూ పోయారు, లేనివాళ్ళూ పోయారు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది ఏమిటని అడిగితే జవాబు పనిలో, ఇంట్లో, చూపించుకునే వీలులో దొరుకుతుంది.

ఇది మన దేశానికి కొత్త కాదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా విషజ్వరం బొంబాయిలో దిగినప్పుడు, ఆ ఏడాది సర్కారు సమూహాల వారీగా రాసిన చావుల లెక్క ఉంది. వెయ్యి మందికి ఐరోపావాళ్ళలో 8, పార్సీల్లో 9, ముస్లింలలో, పై కులాల హిందువుల్లో 19 చొప్పున. అప్పటి కాగితాల్లో తక్కువ కులాలని రాసిన వాళ్ళలో 61. ఒకటే నగరం, ఒకటే గాలి, ఒకటే జ్వరం. పై కులాల హిందువులకూ ఆ 61 మందికీ రక్తం వేరని ఎవరు రుజువు చేస్తారు? వేరుగా ఉన్నవి ఉండే ఇరుకు గదుల చాల్, కూలి, కుండలో గింజలు.

ఇంకో సంగతి చెప్తాను, నీకు బాగా పనికొస్తుంది. అదే లంబాడీలు మన దగ్గర ఎస్టీ, అదీ తెలంగాణలో 1976 చట్ట సవరణతో. సరిహద్దు దాటి కర్ణాటకలోకి పోతే ఎస్సీ. మహారాష్ట్రలో విముక్త జాతి. మీ మేనత్త గుల్బర్గాలో ఉంటే ఆమె ఆస్పత్రి కాగితం మీద పడే ముద్ర వేరు. రక్తం మాత్రం అదే.

తిండి గురించి నిలబెట్టి చెప్పాలి, ఎందుకంటే అసలు మందు అక్కడుంది. డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన గిరిజన ఆరోగ్యం మీద వేసిన నిపుణుల కమిటీ 2018లో, దేశం మొత్తంలో లక్షకు 256 టీబీ కేసులుంటే ఆదివాసీల్లో 703 అని లెక్క చెప్పింది. ఆ తర్వాత జార్ఖండ్‌లో ఒక పెద్ద పరిశోధన జరిగింది. 2800 మంది టీబీ రోగులకు మందులతో పాటు నెల నెలా సంచి కట్టి ఇచ్చారు. బియ్యం, కందిపప్పు, పాలపొడి, నూనె, విటమిన్ గోళీలు. వాళ్ళలో చాలామంది ఆదివాసీలే. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్ళకు చావు ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. ఆ ఇళ్ళలోని మిగతావాళ్ళకు కూడా బియ్యం, పప్పు ఇస్తే వాళ్ళలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. 2023లో ఈ ఫలితాలు బయటికి వచ్చాయి. రక్తమే కారణమైతే కందిపప్పుకు తగ్గుతుందా బిడ్డా?

పుట్టుకతో వచ్చే తేడాలు కొన్ని నిజంగా ఉన్నాయి, వాటినీ దాచను. ఆదిలాబాద్, ఖమ్మం వైపు కోయ, గోండు కుటుంబాల్లో కొందరికి సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉంటుంది. అది ఉన్న పిల్లలకు న్యుమోనియా లాంటివి ప్రాణం మీదికి తెస్తాయి. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువున్న వాళ్ళకు మలేరియాకు వాడే ప్రైమాక్విన్ పడితే రక్తం విరిగిపోతుంది, మూత్రం నల్లగా వస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఏదైనా గోళీ మింగాక అట్లా అయివుంటే డాక్టరుకు చెప్పు. కానీ ఇవి రక్తపరీక్షలో తేలే సంగతులు. మొహం చూసి, తండా పేరు చూసి తేల్చేవి కావు. సికిల్ సెల్ ఉందని తెలిస్తే డాక్టరు టీకా వేస్తాడు, మందు మారుస్తాడు. "వీళ్ళ ఒళ్ళు ఆగదు" అంటే ఎవరూ ఏమీ చేయాల్సిన పని ఉండదు. ఆ మాట నాకు నచ్చకపోవడానికి కారణం అవమానం ఒక్కటే కాదు, అది అన్న తర్వాత వెతకడం ఆగిపోతుంది.

భాష ఒక్కటే అడ్డమా అంటే, కాదు. చెంచులు మాట్లాడేది తెలుగే. అయినా మన్ననూరు పైనుంచి వచ్చేవాళ్ళు మీకంటే ఆలస్యంగా వస్తారు, మీకంటే తొందరగా వెళ్ళిపోతారు. దూరం, ఆకలి, కసురుకుంటారన్న భయం. ఈ మూడూ మీకూ వాళ్ళకూ ఉమ్మడి.

వేలి క్లిప్ సంగతి. మీ కాకా విషయంలో ఆ రాత్రి ఏం జరిగిందో ఇక్కడ కూర్చుని నేను తీర్పు చెప్పలేను. కానీ ఆ యంత్రం పనిచేసే తీరు నీకు తెలిసి ఉండాలి. అది వేలి గుండా ఎర్ర వెలుగును పంపి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అంచనా వేస్తుంది. చర్మంలోని నలుపు ఆ వెలుగులో కొంత మింగేస్తుంది. 2020 డిసెంబరులో అమెరికా డాక్టర్లు వేల రీడింగులను నేరుగా ధమని రక్తంతో పోల్చి చూశారు. క్లిప్ మీద 92 నుంచి 96 దాకా చూపిస్తున్నా నిజానికి 88 కంటే కిందికి పడిపోయినవాళ్ళు తెల్లవాళ్ళలో 100కి 4 కూడా లేరు, నల్లవాళ్ళలో దాదాపు 12 మంది. ఇది జాతి వల్ల వచ్చే తేడాయే, కానీ లోపం మనిషిలో లేదు, యంత్రంలో ఉంది. మన వార్డుల్లో సగం మంది చామనఛాయకు మించిన నలుపే. కాబట్టి 94 చూసి నిశ్చింతగా ఉండొద్దు. గోళ్ళ రంగు ఉంటే తుడిచి, వేలు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరిచి పెట్టాలి. అంతకంటే ముఖ్యం, ఊపిరి లెక్కపెట్టు. యాడి ఊరికే పడుకున్నప్పుడు, ఆమెకు చెప్పకుండా, ఫోన్‌లో నిమిషం పెట్టుకుని పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో చూడు. 24 దాటితే క్లిప్ ఏ అంకె చూపించినా డాక్టరును పిలువు.

ఈ 24 నా సొంత లెక్క కాదు. తమిళనాడులో 2022 నుంచి టీబీ అని తేలగానే రోగులను ఇలా చూస్తున్నారు. ఎత్తుకు తగ్గ బరువు, కాళ్ళ వాపు, ఊపిరి లెక్క, ఆక్సిజన్, ఆసరా లేకుండా లేచి నిలబడగలరా లేదా. వీటిల్లో తేడా కనిపిస్తే ఆస్పత్రిలో చేర్చి చూస్తారు. ఐదడుగుల మనిషి 32 కిలోలకు పడిపోయాడంటే అదొక్కటే చాలు చేర్చడానికి. రెండు కాళ్ళూ వాచి ఉంటే అంతకంటే కాస్త ఎక్కువ బరువున్నా చేర్చాలి. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, బరువు చూసే కాటా, గోడ మీద గీసిన కొలత ఉంటే అవుతుంది. ఇవి నువ్వే చూసి, కాగితం మీద రాసి డాక్టరు చేతిలో పెట్టొచ్చు. "బాగా నీరసంగా ఉంది సార్" అంటే వినని చెవి "పోయిన నెల 44, ఇప్పుడు 39" అంటే వింటుంది.

రేపు ఎట్లా చేయాలంటే, కళ్ళెకు పొద్దున లేవగానే వచ్చేది మంచిది. నోరు నీళ్ళతో పుక్కిలించి, ఇంటి బయట గాలిలో నిలబడి, రెండు మూడు సార్లు లోతుగా ఊపిరి పీల్చి, పొట్టలోంచి దగ్గి తీసింది డబ్బాలో పడాలి. ఉమ్మి పోస్తే పరీక్ష ఖాళీగా వస్తుంది. సిగ్గుపడి ఉమ్మి పోసేవాళ్ళే ఎక్కువ, యాడికి మీ భాషలో నువ్వే విడమరిచి చెప్పు. డబ్బా ఆశా కార్యకర్త దగ్గర ముందే అడిగి తీసుకోవచ్చు. కళ్ళెకు ట్రూనాట్ కానీ సీబీనాట్ కానీ అనే యంత్రం పరీక్ష చేయమని అడుగు. ఆ పరీక్షలో మందుకు లొంగే టీబీయా మొండిదా అన్నది కూడా కొంత తెలుస్తుంది. ఎక్స్‌రే గదిలోకి నువ్వు కూడా వెళ్ళు, ఒక మెత్తటి నూలు జాకెట్టు, పాత చున్నీ సంచిలో పెట్టుకో. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

టీబీ అని తేలితే మామూలుగా ఆరు నెలల మందు, రోజూ. నిక్షయ్ ఐడీ అని టీబీ రోగికి సర్కారు నంబరు ఒకటి ఇస్తారు, అది రాసి పెట్టుకో. బొంబాయికో పూనాకో పనికి పోయే పాలమూరు వాళ్ళకు కూడా నేను ఇదే చెప్పేదాన్ని, ఆ నంబరు ఉంటే అక్కడి ఆస్పత్రిలో మందు ఆగకుండా దొరుకుతుంది. తిండికి నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడాలి. 2024 నవంబరు దాకా అది 500 ఉండేది. ఆలస్యమైతే టీబీ సూపర్‌వైజర్‌ను అడుగుతూ ఉండు, అది మీ హక్కు. ఆ డబ్బు వచ్చేదాకా ఆగకుండా గుడ్లు, పప్పు, పల్లీలు, జొన్న రొట్టెతో పాలు మొదలుపెట్టు. ఆమె ఇప్పుడు 40 కిలోలుంటే రెండు నెలల్లో రెండు కిలోలు ఎక్కాలి. గోడ మీద కేలండర్‌లో రాస్తూ పో.

"నన్ను గూడ అట్లనే పంపిస్తవా" అన్న మాటకు నువ్వేం చెప్పాలో ఆలోచించాను. దవాఖాన మంచిదేనని చెప్పకు, నమ్మదు. ఆమె చూసింది శవాన్ని. మిర్యాలగూడ ఆయన గురించి చెప్పు. ఆయన నడుచుకుంటూ బయటికి పోయాడు, నువ్వు కూడా మూడు వారాలకే పోతున్నావు యాడీ, కాకా లాగ నాలుగు నెలలకు కాదు అని చెప్పు. రాత్రుళ్ళు ఎవరో ఒకరు పక్కన ఉంటామని మాట ఇవ్వు, ఇచ్చి ఉండు. వార్డులో ఒంటరిగా ఉన్న రోగికి మందు ఆలస్యంగా అందుతుంది. ఇది ఒప్పుకోవడం నాకు కష్టంగా ఉంది, కానీ నిజం.

కాకా భార్యను, పిల్లలిద్దరినీ ఇంటి దగ్గర వదిలిపెట్టి పోకు. నాలుగు నెలలు ఆ దగ్గు పక్కనే పడుకున్నారు. దగ్గు లేకపోయినా వాళ్ళను పరీక్షించి, జబ్బు లేదని తేలితే రాకుండా ముందుమందు ఇస్తారు. చిన్న పిల్లలకు అది మరీ అవసరం. రేపు పొద్దున మాట్లాడుకునే ఆటోలో వాళ్ళ ముగ్గురినీ కూడా ఎక్కించుకో.